కుక్కల జబ్బు

"ఇది కుక్కల జబ్బమ్మా," అంటూ సెలవులు చూసే సూపరింటెండెంటు కాగితాలను వెనక్కి తోశాడు. "మీ ఆయనకు వచ్చిందంటే నేనెలా నమ్మేది?"

అచ్చాఫీసు పై అంతస్తులో ప్రూఫులు దిద్దే ఆవిడ కూర్చోలేదు. నిలబడే ఆ కాగితాలను మళ్ళీ ముందుకు జరిపింది.

"మనుషులకూ వస్తుంది సార్. లక్షల్లో ఒకరికి."

"ఆ ఒక్కరూ మీ ఆయనేనా?"

"మేమూ అదే అడుగుతున్నాం సార్, నెల్రోజుల నుంచి. ఎవరూ జవాబు చెప్పడం లేదు."

ఆయనకు ఒళ్ళు మండింది. కిందటి వారమే ఒకడు మూడోసారి అమ్మమ్మను చంపి సెలవు పట్టుకెళ్ళాడు. ఇప్పుడీవిడ కుక్క రిపోర్టు తెచ్చి, కట్టుకున్నవాణ్ణి మంచాన పడేసి, ఏకంగా మూడు నెలలు అడుగుతోంది. చెవిలో పువ్వులు పెట్టడానికైనా ఒక హద్దుండాలి.

"హిస్టియోసైటిక్ సార్కోమా," కూడబలుక్కుని చదివాడు. "పేరులో అక్షరాలేమైనా తారుమారయ్యాయేమో చూసుకోండి."

"తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం సార్. రాత్రీ పగలూ చదివాను. ఒక్క తప్పూ దొరకలేదు." ఆవిడ గొంతు పెంచింది. "నాలుగు నెలలు గ్యాసన్నారు, నడుం నొప్పన్నారు పెద్దాసుపత్రి వాళ్ళు. తీరా ఈ క్యాన్సరు పేరు తేలేసరికి అది కాలేయం దాకా పాకింది. అక్కడ వాళ్ళు నమ్మలేదు, ఇక్కడ మీరు నమ్మరు. మనిషి పోయాక నమ్ముతారా?"

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అందరూ ఇటే చూస్తున్నారు. నలుగురిలో తనను రాతిగుండెవాణ్ణి చేస్తోందని ఆయన కోపం రెట్టింపయింది.

ఆ జబ్బు సంగతి ఆయనకొకరు చెప్పాలా? పోయినేడు ఆయన నల్లకుక్కను పొట్టన పెట్టుకున్నది అదే. కాలు కుంటుతోందని తీసుకెళితే, పరీక్షలన్నీ చేసి ఆ పేరు చెప్పిన డాక్టరు ఇప్పటికీ కళ్ళముందున్నాడు. చివరి రోజు కుక్క తల ఒళ్ళో పెట్టుకుని సూది వేసి, ఆయనతోపాటు తనూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ డాక్టరు పేరేమిటో మాత్రం తెలియదు. ఫోనులో 'కుక్కల డాక్టరు' అనే రాసుకున్నాడు.

"సరే, మీ మాటా వద్దు, నా మాటా వద్దు," అన్నాడు ఫోను తీస్తూ. "ఈ జబ్బు గురించి బాగా తెలిసినాయన ఒకరున్నారు. మనుషులకూ వస్తుందని ఆయన ఒక్క మాటంటే ఇప్పుడే సంతకం పెడతాను."

"అడగండి," అంది ఆవిడ.

ఆయన నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల రింగవుతోంది. ఇంతలో ఆవిడ భుజాన ఉన్న సంచిలో ఏదో మోగింది.

"ఒక్క నిమిషం సార్, మా ఆయన ఫోను మోగుతోంది," అంటూ ఆవిడ దాన్ని తీసి, పక్కకు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఆ మాటలు సూపరింటెండెంటుకు ఎదుట నుంచీ, చెవిలోనూ ఒక్కసారే వినిపించాయి.

"డాక్టరుగారు మంచంలో ఉన్నారండీ. మీ కుక్కను ఇంకెవరికైనా చూపించుకోండి."