ఆగమనే మాట లేని భాష

ఒక తుమ్మమొద్దు మీద ఐదు నత్తలుండేవి. చీమలకు పని చెప్పడానికి అవి ఒక గీతల భాష కనిపెట్టాయి. నత్త తన జిగురుతో గీత గీస్తే, దాన్ని పట్టుకుని చీమలు గింజలు మోయాలి. అడవిలో మిగతా అందరూ చీమలకు కాకి అరుపులతోనే పని చెప్పేవాళ్ళు. "ఛీ, ఆ అరుపుల్లో అందమేదీ?" అని నత్తలు మూతి ముడుచుకునేవి.

ఒకనాడు భాష భవిష్యత్తు గురించి సభ పెట్టాయి. తీర్మానాలు గీతల్లోనే రాయాలి, మొదలుపెట్టిన గీత పూర్తికానిదే వదలకూడదు. అదీ నియమం.

గింజ మోస్తున్న గండుచీమ ఒకటి సభ ముందుకొచ్చి, "అయ్యా, మీ భాషలో ఆగమనే మాట లేదు," అంటూ నడుస్తూనే వెళ్ళిపోయింది. మొద్దు చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చి, "పోయిన వానాకాలం నుంచీ ఇదే గింజండీ," అంది.

పెద్దనత్త శంఖయ్యకు ఒళ్ళు మండింది. "ఇంత చక్కటి భాషలో ఆగమని మొరటుగా చెప్పాలా? అయినా మనల్ని వదిలి ఒక్క చీమైనా పోయిందా? అదీ మన భాష సత్తా!"

నత్తలన్నీ కొమ్ములూపాయి. "సభ ఇంతటితో ఆపుతున్నాం" అని రాయడానికి శంఖయ్య గీత మొదలుపెట్టాడు. ఆ గీత సాగి సాగి మొద్దంతా చుట్టేసింది, మళ్ళీ మొదటికొచ్చింది, ఇంకా సాగింది. దాని కింద సంతకం పెట్టడానికి నాలుగు నత్తలూ వెనకే పాకాయి.

మర్నాడు గండుచీమ వాళ్ళను దాటిపోతూ పలకరించింది.

"కొత్తగా చేరారా అయ్యా?"