వాకిట్లో పిప్పి

మా మామ థాన్‌కి పులితేపులు తగ్గాయని తెలియగానే వైద్యుడు పెయ్ మా హోటల్‌కి వచ్చేశాడు. అందరి ముందూ పొగిడించుకోవాలిగా మరి!

మా చోంగ్‌చింగ్ ఊళ్లో, బల్లమీదే మిరపకాయల పులుసు మరిగించి పెట్టే హాట్‌పాట్ హోటలువాడు మిరపకాయ మానేస్తే పులుసు రుచి చూసేదెవరు? హోటలు మూసుకోవడమే. అందుకే మామ పెయ్ చెప్పిన పథ్యం గాలికొదిలేసి, అతని మందు కషాయం మాత్రం కాచుకు తాగాడు. పిప్పిని వాకిట్లో పోశాడు. పదిమంది తొక్కితే రోగం వాళ్లతో పోతుందట. మావాళ్ల మంచితనం అలాంటిది.

"ఏరా థాన్, గుండెల్లో మంట ఏమైంది?" గుమ్మంలోంచే అరిచాడు పెయ్.

"మాయమండీ! మీ హస్తవాసి అలాంటిది!"

అంతలో పెయ్ చెప్పుకి పిప్పి అంటుకుంది. తీసి వాసన చూశాడు. అనాసపువ్వు, దాల్చినచెక్క, యాలకులు.

"ఓరి మొద్దూ! ఇది నీ పులుసు మసాలా కదరా! నా మందేది?"

మామ మొహం పాలిపోయింది. మందూ మసాలా ఒకే అంగట్లో కొంటాం, పొట్లాలూ ఒకేలా ఉంటాయి. నేను గరిటెతో పులుసు కుండ అడుగున దేవాను. మిరపకాయల మధ్య పెయ్ గారి వేర్లు తేలాయి.

"ఈమధ్య పులుసు అదిరిపోతోందయ్యా!" బల్లల దగ్గర జనం జుర్రుకుంటూ అరిచారు.

పెయ్ చెప్పుతో పిప్పిని పక్కకి నెట్టి జనంవైపు తిరిగాడు.

"అదిరిపోదా మరి? అందులో నా మందుంది!"

మామ మెల్లగా అతని చెవి దగ్గర చేరాడు. "మరి నేనేం తాగాలండీ?"

"ఇప్పుడు తాగుతున్నదే తాగు. ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు చెప్పు."