పిల్లి వారి రాజముద్ర

సంధ్య గీసిన బొమ్మను అధికారి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఒంటి మీద తెల్లటి దిష్‌దాషా అంగీ, తల మీద కుట్టుపని టోపీ, చేతిలో ఎర్ర పెన్ను. బల్ల మీద, పక్కనే గోధుమ జావ గిన్నె.

"ఇదేంటి, సింహమా?"

"అవునండి. మా వంశానికి గుర్తు. మీరు ఒప్పుకుంటే తలుపు మీద వేయించుకుంటాను," అంది సంధ్య, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో.

"ఇంటిపేరు?"

"పిల్లి."

ఆయనకు అర్థం కాలేదు. సంధ్య ఒకసారి "మ్యావ్" అంది.

"పిల్లికి సింహం ఎందుకు?"

"మా గోదావరి వైపు ఆ పేరు చెబితేనే నవ్వుతారండి. గుర్తులోనైనా కాస్త పరువు ఉంటుందని."

"సింహాలు రాజులు పెట్టుకునేవి." ఆయన ఒక చెంచా జావ నోట్లో పెట్టుకున్నాడు. "ఇంగ్లండ్‌లో ఇలాంటివి చూడటానికి ప్రత్యేకంగా ఆఫీసే ఉంది. స్కాట్లండ్‌లో ఏకంగా కోర్టే ఉంది. ఇష్టమొచ్చిన గుర్తు పెట్టుకుంటే కేసు పెడతారు, తెలుసా?"

"కోర్టు దాకా వెళ్లిన వంశం కాదండి మాది. రేషన్ షాపు దాకా వెళ్తే గొప్ప."

ఆయన నవ్వలేదు. పెన్ను కిందికి జరిగింది.

"ఈ అడ్డంగా పెట్టిన కత్తులు? కత్తులూ ఖంజరు బాకూ మా దేశ చిహ్నం. ఎవరు పడితే వాళ్లు వాడకూడదు."

"కత్తులు కావండి, గరిటెలు. నా చేతికి గీత తిన్నగా రాదు. దోసె కూడా అంతే."

ఇంకో చెంచా.

"సింహాన్ని తీసెయ్. పిల్లినే పెట్టు."

సంధ్య చెరిపి, పిల్లిని గీసింది. అధికారి చాలాసేపు చూశాడు. ఆయన మొహం మెత్తబడింది. సంతకానికి పెన్ను దించాడు.

వెనక తన బొమ్మ పట్టుకుని నిలబడ్డ అఖీల్ గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, పాస్ చేసేటట్టున్నడు."

"ఒక్క నిమిషమండి," అంటూ సంధ్య కాగితం లాక్కుని పిల్లి నెత్తిన కిరీటం గీసి ఇచ్చింది.

అధికారి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"కిరీటం ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదండి. ఇచ్చేవాళ్లు లేకే నేనే పెట్టుకున్నాను."

ఆ కోపంలో వరసగా చెంచాలు పడ్డాయి. గిన్నె ఖాళీ అయ్యింది. ఆయన ఎర్ర పెన్నుతో కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు.

"చెల్లదు. రేపు రా."

"తప్పకుండా వస్తానండి." సంధ్య మొహం వెలిగిపోయింది. అఖీల్ తన బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇలాంటి గుర్తులకు అనుమతులిచ్చే ఉద్యోగం నుంచి ఎప్పుడో పదవీ విరమణ చేసి, ఇప్పుడు కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టలేక, తిట్టడానికి ఎదురుగా ఎవరో ఒకరు నిలబడితే తప్ప ముద్ద ముట్టని ఆ పెద్దాయనకు ఒక పూట తినిపించడానికి, సీబ్ పట్టణంలోని ఆయన విల్లాలో పనిమనిషి సంధ్యకూ డ్రైవర్ అఖీల్‌కూ దొరికిన దారి ఇదొక్కటే.