చిన్న గొట్టం

"చూడకుండ్రి! పోరలను చూడనియ్యకుండ్రి!"

బడి గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చాడతను. యాభై దాటిన మనిషి. ఒక కాలికే చెప్పుంది. రెండోది పరుగులో ఎక్కడో ఊడిపోయినట్టుంది.

వరుసలో నిలబడ్డ పిల్లలు బెదిరిపోయారు.

సాదిక్ మైకు పక్కన పెట్టి నవ్వాడు. "వచ్చిండు ఇంకొకాయన."

కరీంనగర్ చుక్కల సంఘానికి సాదిక్ పెద్ద. సంఘమంటే పట్టుమని పదిమంది కూడా లేరు. సెలవు దొరికితే డాబా ఎక్కి, శనిగ్రహాన్ని నలుగురికీ చూపించి, తామే తయారుచేసినంతగా మురిసిపోయే రకం. పట్టపగలు పిల్లలకు గ్రహణం చూపించడం మాత్రం వాళ్లకు ఇదే మొదటిసారి. పొద్దున్నుంచీ మైకులో ఒకటే మాట, "భయపెట్టెటోళ్ల మాటలు నమ్మకుండ్రి" అని.

టెలిస్కోపు దగ్గర కాపలా రెబెకాది. ఆ బడిలోనే సైన్సు టీచరు. వరుసలో మొదట నిలబడ్డది ఆమె కూతురు, ఎనిమిదేళ్ల క్యాథరిన్. ఊళ్లోవాళ్ల భయం పోవాలంటే మన పిల్లతోనే మొదలుపెట్టాలని రెబెకాయే నిలబెట్టింది.

"ఏం కాదు పెద్దాయనా," అన్నాడు సాదిక్.

"అయితది బిడ్డా! కండ్లు పోతయ్!"

"ఎందుకు పోతయ్? ఫిల్టర్ పెట్టినం. గిదుగో." పెద్ద గొట్టం మూతిని తట్టి చూపించాడు.

"గది గాదు..."

దగ్గు తెర అడ్డమొచ్చి మాట పెగల్లేదు. జేబులోంచి దస్తీ తీసి టెలిస్కోపు మీద కప్పి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే గ్రహణం పట్టింది. నల్లద్దాల్లోంచి చూస్తున్న పిల్లలు "మొదలైంది, మొదలైంది" అని కేరింతలు కొట్టారు. ఆ గోలలో అతనేదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు.

క్యాథరిన్ ఏడుపు లంకించుకుంది. రెబెకాకు ఒళ్లు మండింది.

"మీ మూఢనమ్మకాలు మీ ఇంట్ల పెట్టుకోండ్రి. చిన్నపిల్లను బెదిరిస్తరా?"

ఇద్దరు కుర్రాళ్లు అతని రెక్కలు పట్టి గేటు బయటికి నడిపించారు. అతను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

రెబెకా ఆ దస్తీని రెండు వేళ్లతో తీసి అవతల పారేసింది.

"రా బిడ్డా, చూడు."

క్యాథరిన్ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. తన ఎత్తుకు అందిన చోట కన్ను పెట్టింది.

"మమ్మీ, అంత తెల్లగున్నది!"

తెల్లగా? ఫిల్టర్లో సూర్యుడు నారింజ రంగులో కనబడాలి.

రెబెకా తల తిప్పింది. పిల్ల కన్ను పెద్ద గొట్టానికి లేదు. గురి చూసుకోవడానికి దాని పక్కన బిగించిన చిన్న గొట్టానికి ఉంది.

భుజం పట్టి లాగేసింది. ఆ లాగడంలో ఆమె చున్నీ చిన్న గొట్టం వెనక పడింది. సన్నగా పొగ లేచింది.

దానికి ఫిల్టర్ లేదు. మూత కూడా లేదు. ఆ మూత మొన్న డాబా మీద శనిగ్రహం చూసినప్పుడు ఎక్కడో పోయింది. రాత్రిపూట చూసేవాళ్లకు దానితో పనేముందని ఎవరూ వెతకలేదు.

"నొప్పి ఉన్నదా బిడ్డా?"

"లేదు మమ్మీ."

రోడ్డుకు అవతలే కంటి దవాఖాన. పిల్లనెత్తుకుని పరుగెత్తింది.

"నొప్పి లేదని సంబురపడకుండ్రి," అంది డాక్టరమ్మ. "కంటి వెనక పొరకు నొప్పి తెల్వది. దెబ్బ తగిలిందో లేదో రేపు పొద్దుగాల చూద్దాం."

ఆ రాత్రి రెబెకా మోకరించింది గానీ ప్రార్థనకు నోరు రాలేదు. పిల్ల నిద్రలో కదిలినప్పుడల్లా ఉలిక్కిపడింది. తెల్లవారాలనీ ఉంది, తెల్లవారకూడదనీ ఉంది.

పొద్దున్నే దవాఖాన బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరమ్మ వచ్చేదాకా ఆగలేక, రెబెకా పిల్ల ఎడమకన్ను తన చేత్తో మూసింది.

"నా మొకం చూడు బిడ్డా. కనబడ్తున్నదా?"

"కనబడ్తున్నది. గని నీ ముక్కు లేదు మమ్మీ."

రెబెకా పిల్ల ఎడమకన్ను మీంచి చెయ్యి తీసింది.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. "చిన్న మచ్చ పడ్డది. కొన్ని నెలలల్ల మానొచ్చు, మానకపోవచ్చు. ఎదురుచూసుడే."

బయట సాదిక్ తల పట్టుకుని కూర్చున్నాడు. "ఆ పెద్దాయన ఏదో నోటికొచ్చింది అన్నడనుకున్న టీచరమ్మా. గట్లనే అయ్యె."

"నోటికొచ్చింది అనలే సాదిక్ భాయ్. దస్తీ పెద్ద గొట్టం మీద కప్పలే. చిన్నదాని మీదనే కప్పిండు." రెబెకా తన వేళ్ల వంక చూసుకుంది. "తీసి పారేసింది నేనే."

బెంచీ చివర చీటీ పట్టుకుని కూర్చున్న అమ్మాయి లేచింది. పాతికేళ్లుంటాయి. గోడ తడుముకుంటూ దగ్గరికొచ్చింది. రెబెకా మొహంలోకి కాకుండా, చెవి పక్కగా ఎక్కడో చూస్తూ మాట్లాడింది.

"నిన్న బడికాడికి ఉరికొచ్చింది మా బాపే అక్కా. నా కండ్లు చూపెట్టనీకి నిర్మల్ నుంచి తోలుకొచ్చిండు. పాపకు ఎట్లున్నదో అడగనీకి ధైర్యం చాలక బయటనే నిలబడ్డడు."

"మీ బాపుకు ఆ చిన్న గొట్టం సంగతి ఎట్ల తెలుసమ్మా?"

"మా దిక్కు పోరలకు మొట్టమొదట టెలిస్కోపు పెట్టి గ్రహణం చూపిచ్చింది బాపే," అందా అమ్మాయి. "లైన్ల అందరికంటె ముందు నన్ను నిలబెట్టిండు."