పదివేల ఏడు చీమలు

ఒక పుట్టలో పదివేల ఏడు చీమలుండేవి. ఒకరోజు లెక్కల చీమ తేల్చి చెప్పింది: "మనది ప్రధాన సంఖ్య. ఎన్ని వాటాలు వేసినా సమానంగా రావు. మనల్ని ఎవరూ విడదీయలేరు."

ఇక పుట్టకు పొగరెక్కింది. పక్క పుట్టలో సరిగ్గా పదివేలున్నాయని తెలిసి, "పాపం, ఎవరైనా సగానికి సగం పంచేయొచ్చు" అని జాలిపడ్డాయి.

అంతలో ఒక కప్ప వచ్చి వాకిట్లో తిరుగుతున్న చీమనొకదాన్ని నాకేసింది. పుట్టంతా గొల్లుమంది. పోయిన చీమ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"పదివేల ఆరయ్యాం. మనమూ సగానికి సగం అయిపోతాం" అని ఏడ్చాయి.

కప్పకు జాలేసింది. "ఊరుకోండమ్మా. ఇంకో ముప్పైమూడింటిని తిన్నానంటే మళ్ళీ ప్రధాన సంఖ్యే అవుతారు."

లెక్కల చీమ కళ్ళు తుడుచుకుని లెక్క కట్టింది. "నిజమే" అంది.

ఆ ముప్పైమూడింటిలో చోటు కోసం వాకిట్లో తోపులాట మొదలైంది.