నొప్పికో పేరు

“ప్రతినెలా ఇదే పాటా? ఇంకో ట్రిప్పుంది, బండెక్కు!”

కంట్రోలరు కేకకి బస్టాండంతా ఇటు తిరిగింది. లేడీ కండక్టరు టిక్కెట్ల సంచీని కడుపుకి అదిమిపట్టుకుని ఫుట్‌బోర్డు మీదే కూలబడింది. పొద్దున్నుంచి మూడు మాత్రలు మింగింది. ఒక్కటీ పనిచెయ్యలేదు. పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. ఆ మెలి నడుములోంచి తొడలదాకా దిగుతోంది.

“ఎక్కలేను సార్.”

“మా ఇంట్లోనూ ఆడవాళ్ళున్నారమ్మా. ఇంత రాద్ధాంతం ఎవరూ చెయ్యరు.”

ఆమె టిక్కెట్ల మిషనూ సంచీ తీసి ఆయన బల్ల మీద పెట్టి, యూనిఫాంతోనే ఆస్పత్రికి బయల్దేరింది. రెండు వీధుల దూరానికి నాలుగు చోట్ల ఆగింది. గోడ పట్టుకుని వంగిపోతున్న మనిషిని చూసి ఏమనుకున్నారో, ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

స్కానింగు గది ముందు నర్సు తలెత్తకుండా అడిగింది. “తోడెవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు.”

కాగితంలో ఆ గడిలో నర్సు ఓ గీత గీసింది.

స్కానింగు అయ్యాక డాక్టరమ్మ తెర ఆమెవైపు తిప్పింది.

“ఎన్నాళ్ళుగా ఈ నొప్పి?”

“పదమూడో ఏటినుంచి. ఇరవయ్యేళ్ళయింది.”

“ఇది మామూలు నెలసరి నొప్పి కాదమ్మా. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరిగింది. అండాశయం మీద గడ్డ కట్టింది, పేగుకి అతుక్కున్నట్టు కూడా ఉంది. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. మందులున్నాయి, అవసరమైతే ఆపరేషనుంది. ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకున్నావు?”

చిత్రంగా, ఆమెకి ఏడుపు రాలేదు. గుండె తేలికపడింది. ఇది నటన కాదని ఇన్నేళ్ళకి ఒక మనిషి అన్నారు. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. బయట బెంచీ మీద కూర్చుని ఫోనులో పేర్లన్నీ పైనుంచి కిందికి జరిపింది. డిపో, డ్రైవర్లు, ఇంటి ఓనరు, గ్యాసతను. మళ్ళీ కిందినుంచి పైకి జరిపి, చివరికి అమ్మకే చేసింది.

“చెప్పవే, డ్యూటీకి వెళ్ళలేదా?”

ఆమె ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతుంటేనే కోపం ముంచుకొచ్చింది.

“బడి మానేస్తానని ఏడ్చినప్పుడల్లా ‘అందరికీ ఉండేదే, నోరు మూసుకుని వెళ్ళు’ అన్నావు కదమ్మా! నేను నేలమీద పడి దొర్లుతుంటే ఎలా చూస్తూ ఉన్నావు? ఒక్కసారైనా డాక్టరుకి చూపించాలనిపించలేదా నీకు?”

అమ్మ ఫోను పెట్టేసిందేమో అనుకుంది.

“అమ్మా, ఉన్నావా?”

“అంటే...” అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా బయటికొచ్చింది. “మిగతా ఆడవాళ్ళకి అంత నొప్పి ఉండదా?”