రోడ్డు దాకానే

"మీ ఇల్లు లెక్కలోకి రాదమ్మా," అన్నాడు ఫణిశంకర్ మ్యాపు మడుస్తూ. "యూనివర్సిటీ తరఫున ఈ రోడ్డు దాకానే నూతులు పరీక్ష చేస్తాం."

సుభద్ర చంకలో పిల్లను సర్దుకుంది. కవిటి దగ్గర ఆ ఊళ్లో రోడ్డుకి అవతల, కొబ్బరితోటలో ఉన్నది ఆమె ఇల్లొక్కటే. కిడ్నీలు పాడై భర్త పోయి ఏడాదయింది. నాలుగేళ్ల కూతురు ప్రవల్లిక తాగే ప్రతి గ్లాసూ ఇప్పుడామెకు భయమే.

"పది అడుగులు కూడా నేదు బాబూ. ఆ గీత కూసింత ఇటు జరపలేరా?"

"గీసింది మా ప్రొఫెసర్ గారు. నేను విద్యార్థిని. ఒక్క ఇల్లు ఎక్కువైనా నా పరిశోధన ఒప్పుకోరు."

పదో తరగతి మధ్యలో మానేసిన సుభద్ర ఆ మడిచిన మ్యాపు వైపు చూసింది.

రోడ్డుకి ఇవతలి ఇంటి అరుగు మీద, వరసకు అత్తయ్యే బొడ్డమ్మ నవ్వింది. "నాను బడి గుమ్మమే ఎక్కనేదు. మా నూతి నీల్లు యూనివర్సిటీకెల్తన్నాయి సూడు!" తన పేరు అంటించిన ఖాళీ సీసా సుభద్ర చేతిలో పెట్టింది. "మోకాళ్లు లేవనీవు అమ్మీ. నువ్వే నింపి ఆ బాబుకిచ్చీ."

సుభద్ర ఒక్కతే వెళ్లి సీసా నింపి తెచ్చి ఇచ్చింది.

నెల తర్వాత బొడ్డమ్మ ఒక చేత్తో బిందె, ఒక చేత్తో కాగితం పట్టుకుని కుంటుతూ రోడ్డు దాటి వచ్చింది. ఏడాదిగా ఆ వాకిట్లోకి వస్తున్నది ఆమె ఒక్కతే.

"ఆ బాబు ఇచ్చెల్లాడు. ఇది సదివించుకున్నదాకా మా నీల్లు తాగొద్దన్నాడు. ఏటి రాసాడో సదువు కోడలా."

"ఈ నూతి నీరు..." సుభద్ర కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. "తాగడానికి పనికిరాదు."

బొడ్డమ్మ నిట్టూర్చి, సుభద్ర నూతిలో చేద వేసింది. "పోన్లే. ఇకన నీ నుయ్యే నాకు దిక్కు." తోడిన నీళ్లు ముందు ప్రవల్లికకే గ్లాసులో పోసింది. "తాగు బంగారూ."

సుభద్ర గ్లాసు లాక్కుని పారబోసింది.

బొడ్డమ్మ మొహం మాడిపోయింది. "ఏటే? నా నుయ్యి సెడిపోతే నా సెయ్యీ సెడిపోనాదేటి?"

"అది కాదత్తా..."

"మరేటో సెప్పు."

సుభద్ర ప్రవల్లికను దగ్గరకు లాక్కుంది. బొడ్డమ్మ ఖాళీ బిందెతో రోడ్డు దాటి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆ రోజు బొడ్డమ్మ పేరున్న సీసాలో సుభద్ర నింపింది తన నూతి నీళ్లు.